చేతికి దగిన గర్జన

వస్తువును దాని ప్రఖ్యాతినిబట్టి కొనుట మనలో నింకను పోని దురభ్యాసము. కండ్లద్దములు కొనబోవునప్పుడు మాత్రము “లోకములో నన్నిటికంటె గొప్ప యద్దము లేవి?” యని యెవరును అడుగరు. తమ చూపెట్లున్నదో పరీక్ష చేయించుకొని, దానికి దగినవానిని పుచ్చుకొందురు. వాద్యముల విషయములో ఈ వివేకము పనిచేయదు. ఏ మహావాదకుడు ఏ యంత్రము వాడెనో విచారించి, వెల యెంతయైనను చెల్లించి యింటికి దెచ్చుకొని, పిమ్మట తన చేతిని దానికి దగినట్లు వంచుకొనజూతురు. కంటి కిచ్చిన గౌరవము చేతి కేల యియ్యరాదు?

నేను ఇరువదియేండ్లకు పైబడి ఎలక్ట్రిక్ గిటారు వాయించుచున్నాను. అది నా జీవనోపాధి కాదు. ఉద్యోగపు బరువు దించుకొన్న పిమ్మట దినమున కొక గంట నాకు దొరకెడి సంతోషము. అందును నాకు ప్రియమైనది మెటల్ అను పేర బరగు గర్జనసంగీతము. ఈ సంగతి యెఱిగిన మిత్రులును వారి బిడ్డలును “హైగెయిను ఆంప్లిఫయరులలో ఏది మంచిది?” యని నన్ను తఱచుగా నడుగుచుందురు. ఆ ప్రశ్నకు నావద్ద జవాబు లేదు. “నీ చేయి ఏమి వాయించును?” అని తిరిగి యడుగుటయే నేను చేయగలిగినది. ఆ తిరుగుప్రశ్నకు ఎవరికి వారు జవాబు చెప్పుకొను మార్గమును వివరించుటకే యీ వ్యాసము. సంగీతమునం దభిరుచి లేని చదువరులు సయితము దీనిని విడువకుందురుగాక; ఏలయన ఈ పెట్టెలు నేడు మన యిండ్లలోనికి వచ్చుచున్నవి. వానికి వెల చెల్లించువారును, వాని ధ్వనిని భరించువారును మనమే.

మొదట ఒక భ్రమను తొలగింపవలయును. గెయిను వేఱు, ధ్వనితీవ్రత వేఱు. గిటారు తీగ కంపించునపుడు దానిక్రింది అయస్కాంతపు చుట్టలో పుట్టు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. ఆంప్లిఫయరులోని వాల్వులు దానిని పెంచును. ఇందు వాడుకలోనున్న 12ఏఎక్స్7 అను చిన్న గాజువాల్వు యొక్క వృద్ధిగుణకము 100. ఇట్టివానిని ఒకదాని వెనుక నొకటిగా పలుదశలు గూర్చినయెడల, ముందటి దశ పంపిన తరంగము తరువాతి దశలో పట్టక పొంగిపోవును.

మన యిండ్లలో సోలతో బియ్యము కొలుచుట అందఱును చూచినదే. సోల నిండి పైకి రాశియైన పిమ్మట చేతితో ఆ పైభాగమును కొట్టివేయుదురు. రాశి యెంత యెత్తున్నను, చేయి తగిలిన తరువాత అంచుతో సమానమే. వాల్వులో జరుగునదియు నిట్టిదే. తరంగముయొక్క శిఖరములు తెగి చదునగును. గుండ్రనైన తరంగము చదునైనపుడు మూలస్వరమునకు తోడుగా ననేకములైన యనుస్వరములు పుట్టి నాదము కఱకగును. దీనినే డిస్టార్షను అందురు. మఱియు గట్టిగా మీటిన స్వరమును, మెల్లగా మీటిన స్వరమును ఇంచుమించుగా ఒకే యెత్తునకు వచ్చును. త్వరగా నణగిపోవలసిన నాదము చిరకాలము నిలుచును. గెయిను మీట ఈ కోతను శాసించును. మాస్టరు వాల్యూము మీట, కోసిన పిమ్మట మిగిలినదానిని ఎంత బిగ్గరగా వినిపింపవలయునో శాసించును. కాబట్టి మెల్లని గర్జనయు సాధ్యమే. ఈ యొక్క సంగతి గ్రహించినచో ఇండ్లలోని తగవులు సగము తీరును.

ఈ కోతవలన చేతికి మేలును గలదు, కీడును గలదు. నాదము నిలుచుటచే వ్రేలు తేలికగా నడచును, ఇది మేలు. మెల్లగా మీటుటకును గట్టిగా మీటుటకును గల భేదము చెఱిగిపోవును, ఇది కీడు. అంతకంటె పెద్దచిక్కు మఱియొకటి కలదు. మీటదలపని తీగ కొంచెము కదలినను, అరచేయి దానిని రాచినను, ఆ చిన్న సవ్వడియు గర్జనయై బయలుదేరును. కావున హైగెయిను వాదనములో సగము విద్య మ్రోయించుటలో నున్నది, సగము మ్రోయకుండ జేయుటలో నున్నది. ఈ రెండవ సగమును అంగడిలో నెవ్వరును అమ్మరు.

ఈ నాదము పుట్టిన విధము విచిత్రమైనది. తొలుత యంత్రములు చేసినవారు దీనిని దోషముగా నెంచి తొలగింపజూచిరి. 1951లో అమెరికాదేశపు మెంఫిస్ నగరమున “రాకెట్ 88” అను పాటను రికార్డు చేయునప్పుడు, దెబ్బతిన్న ఆంప్లిఫయరుయొక్క స్పీకరులో కాగితము కుక్కి వాయించిరి. ఆ బొంగురునాదము జనులకు నచ్చెను. 1964లో ఇంగ్లండునందు కింక్స్ బృందమువాడైన డేవ్ డేవీస్ తన చిన్న ఆంప్లిఫయరు స్పీకరును బ్లేడుతో చీల్చి, కావలయుననియే ఆ దోషమును దెచ్చుకొనెను. అంతకు రెండేండ్లకు ముందు, 1962లో, లండనునందలి హాన్‌వెల్ అను పేటలో వాద్యముల యంగడి నడుపుచున్న జిమ్ మార్షల్ తన పనివారితో గూడి, అమెరికాలో తయారగు ఫెండర్ బాస్‌మన్ యంత్రమును మాదిరిగా గొని మొదటి మార్షల్ ఆంప్లిఫయరును చేయించెను. అట్టి యంత్రములను మితిమీఱ పెంచి వాయించిన యువకులవలన రాక్ సంగీతమునకు క్రొత్త కంఠము వచ్చెను.

చేతికిని నాదమునకును గల సంబంధమును బర్మింగ్‌హామ్ నగరవాసియైన టోనీ అయోమీ చరిత్రము చక్కగా దెలుపును. ఇతడు రేకుల కార్ఖానాలో పనివాడు. 1965లో, పదునేడేండ్ల ప్రాయమున, ఆ పని మానుకొనదలచిన కడపటి దినముననే యంత్రములో జిక్కి కుడిచేతి రెండువ్రేళ్ల కొసలు తెగిపోయెను. ఎడమచేతివాటము గలవాడగుటచే తీగల నదుముటకు ఆ కుడిచేయియే యతని కాధారము. రెండువ్రేళ్లతో గిటారు వాయించి ఖ్యాతిగాంచిన జాంగో రైన్‌హార్ట్ రికార్డును కార్ఖానా మేస్త్రి తెచ్చి వినిపింపగా ధైర్యము దెచ్చుకొని, కరగించిన ప్లాస్టిక్కుతోను తోలుతోను వ్రేలితొడుగులు చేసికొనెను. పలుచని తీగలు కట్టెను. 1971 నాటి రికార్డులో మూడు అర్ధస్వరములు శ్రుతి దించి తీగల బిగువు తగ్గించెను. ఆ వ్రేళ్లకు సులువైన రెండుస్వరముల పట్టులు, ఆ దిగిన శ్రుతి, తన యూరివాడే యైన లేనీ చేసిన ఆంప్లిఫయరులు, ఇవి గలిసి బ్లాక్ సబ్బత్ బృందముయొక్క నాదమైనవి. మెటల్ సంగీతమున కదియే పునాది యని చెప్పుదురు. గాయపడిన చేయి తనకు గావలసినదానిని తాను వెదకికొనెను. చేయి ముందు, యంత్రము వెనుక. నేను చెప్పదలచిన దంతయు ఈ వరుసలో నున్నది.

ఇక మన చేయి వాయించున దెట్టిదో విచారింతము. హైగెయినులో రెండుస్వరములను ఒక్కపరి మీటినపుడు వాని కలయికవలన క్రొత్తస్వరములు పుట్టును. షడ్జపంచమములు రెండింటికి మూడు అను నిష్పత్తిలో నుండుటచే అట్లు పుట్టినవి వానితో పొందికగా గలియును. దిగువస్థాయి షడ్జముకూడ దోచి నాదము బలియును. మన తంబురలో నిత్యము వినునది ఈ జంటయే. పాశ్చాత్యులు దీనిని పవర్ కార్డు అందురు. నడుమ గాంధారమును జేర్చినచో చిక్కు వచ్చును. స్థాయిని పండ్రెండు సమభాగములు చేసి గిటారు మెట్లు బిగించుటచే, అందలి అంతరగాంధారము శుద్ధశ్రుతికంటె ఇంచుక హెచ్చు. మెత్తని నాదములో చెవికి దోపని యా భేదము గర్జనలో కలతగా వినబడును. కాబట్టి సంపూర్ణమైన స్వరసముదాయములను వాయింపగోరువానికి తక్కువ గెయిను గావలయును. షడ్జపంచమములతో నడచువానికి ఎక్కువ గెయినును జెల్లును.

వాదకులను స్థూలముగా మూడు తెఱగులుగా విభజింపవచ్చును. మొదటివారు కుడియరచేతి యంచును తీగలమీద నానించి, గుఱ్ఱపుడెక్కల చప్పుడువలె తునుకలు తునుకలుగా మీటువారు. వీరికి మంద్రస్వరము మీటినవెంటనే తెగవలయును. రెండవవారు నిదానముగా, దిగిన శ్రుతిలో, గోడవంటి విశాలమైన నాదమును నిలుపువారు. మూడవవారు పాటవలె సాగు స్వరములను, పిక్కు వేగమునుబట్టియు గిటారుమీది వాల్యూమునుబట్టియు మాఱెడి భావములను గోరువారు.

మొదటి తెఱగువారికి గుర్తుంచుకొనదగిన సూత్రమొకటి కలదు. కోతకు ముందున్న మంద్రధ్వని నాదమును బురదచేయును. కోతకు తరువాత జేర్చిన మంద్రధ్వని దానికి దేహము నిచ్చును. కాలిఫోర్నియాలోని మెసా బూగీ వారి మార్క్ తరగతి యంత్రములలో స్వరభేదపు మీటలు కోతకు ముందును, అయిదు పట్టీల ఈక్వలైజరు తరువాతను ఉండును. బేస్ మీటను ముందు తగ్గించి, వెనుక పట్టీలతో తిరిగి జేర్చుట అందలి మర్మము. 1986లో మెటాలికా బృందము “మాస్టర్ ఆఫ్ పపెట్స్” రికార్డులో వాడినది ఈ తరగతిలోని మార్క్ టూసీ ప్లస్. 1992లో పీవీ సంస్థ ఎడ్వర్డ్ వాన్ హేలెన్ కొఱకు 5150 అను యంత్రమును చేసెను. తరువాత దానికే 6505 అని పేరు మాఱెను. ఒక మహావాదకుని పాటవంటి వాదనము కొఱకు పుట్టినదైనను, తునుకలుగా మీటు మెటల్ బృందములవారు దానిని దమ సొత్తు చేసికొనిరి. పేరు చూచి కొనరాదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలయును? ఇట్టి యంత్రములకు ముందు ట్యూబ్ స్క్రీమర్ అను చిన్నపెట్టె నుంచి, అందలి డ్రైవు తగ్గించి లెవెలు పెంచుట మెటల్ వాదకులలో వాడుక. ఆ పెట్టె మంద్రధ్వనిని ముందుగనే కత్తిరించుటచే నాదము బిగువగును.

రెండవ తెఱగువారికి 1990వ దశకపు తొలినాళ్లలో వచ్చిన మెసా బూగీ డ్యూయల్ రెక్టిఫయరు అనుకూలము. దాని మంద్రధ్వని విశాలమై కొంచెము వదులుగా నుండును. నిదానపు నడకకు అదియే యందము, వేగపు తునుకలకు అదియే యడ్డు. మూడవ తెఱగువారికి 1981లో జేసీఎమ్800 అను పేర వెలువడిన మార్షల్ వంటివి తగియుండును. నేటి లెక్కలో దాని గెయిను మితమే. అందుచేతనే పిక్కు చెప్పిన మాట వినును. చేయి బలహీనమైనచో ఆ బలహీనతను దాచదు. దాచకపోవుటను నేను గుణముగానే యెంచుచున్నాను.

పరీక్షించు పద్ధతి యిది. అంగడికి తన గిటారునే కొనిపోవలయును. అచటి గిటారుతో విన్న నాదము ఇంటికి రాదు. గొప్పవారి పాటను గాక, తాను దినదినము వాయించుదానినే వాయింపవలయును. గెయినును సున్నయొద్ద మొదలుపెట్టి మెల్లగా బెంచుచు, ఒక స్వరమునకును మఱియొక స్వరమునకును నడుమ నుండు ఖాళీ పూడిపోవుచోట ఆగి, అచటినుండి కొంచెము వెనుకకు రావలయును. మిడిల్ మీటను అడుగునకు దించుట యువకులకు ముద్దు. ఒంటరిగదిలో నది గంభీరముగా దోచును. డ్రమ్ములును బేస్ గిటారును గలిసినపుడు ఆ గిటారు వినబడకపోవును, ఏలయన గిటారుయొక్క కంఠ మా నడిమి ధ్వనులలోనే యున్నది. కడపట చేతులు తీసివేసి నిశ్శబ్దమును వినవలయును. ఆ బుసబుసలు ఇంటిలో నిత్యము భరింపదగినవో కావో అప్పుడు దెలియును.

వాట్ల విషయములో మనవారి వ్యామోహ మింతింత గాదు. నూఱు వాట్ల యంత్రము ఏబది వాట్లదానికంటె రెట్టింపు బిగ్గరయని తలతురు. ఆ భేదము మూడు డెసిబెల్సు మాత్రమే. చెవికి రెట్టింపుగా దోచుటకు ఇంచుమించు పదిరెట్ల శక్తి గావలయును. ఈ సంగీతమున మిక్కిలి వాడుకలోనున్న సెలెస్టియన్ వింటేజ్ 30 స్పీకరు ఒక్క వాటుతోనే మీటరు దూరమున 100 డెసిబెల్సు పలుకును. 85 డెసిబెల్సు ధ్వనిలో దినమునకు ఎనిమిది గంటలు పనిచేయవచ్చుననియు, ఆపైన ప్రతి మూడింటికి ఆ కాలము సగమగుననియు అమెరికాలోని వృత్త్యారోగ్యశాస్త్రజ్ఞుల సూత్రము. ఆ లెక్కను 100 డెసిబెల్సు వద్ద దక్కునది పదునైదు నిమిషములు. పోయిన చెవి తిరిగి రాదు. మఱియు మనదేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు నివాసస్థలములలో పగలు 55, రాత్రి పదిగంటలనుండి ఉదయ మాఱుగంటలవఱకు 45 డెసిబెల్సు పరిమితిని విధించినవి. ఇరుగుపొరుగుల నిద్ర మన కళకు బలియీయదగిన వస్తువు కాదు.

అందుచే ఇంటిలో వాయించువారికి చిన్న వాల్వుయంత్రముగాని, వాల్వుల నాదమును గణితముచే ననుకరించు పెట్టెగాని చాలును. 1998లో లైన్ 6 వారి పాడ్, 2006లో ఫ్రాక్టల్ వారి యాక్స్‌ఎఫ్ఎక్స్ వచ్చిన నాటినుండి ఈ విద్య ఎంతయో పెరిగినది. చెవులకు హెడ్‌ఫోనులు తగిలించుకొని అర్ధరాత్రియందును గర్జింపవచ్చును. అచటను ధ్వని మితముగా నుండవలయునని మాత్రము మఱవరాదు.

అమెరికాలోని బంధువులచేత ఆంప్లిఫయరును దెప్పించుకొనువారికి ఒక హెచ్చరిక. అచటి విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. అచటికొఱకే చేసిన యంత్రమును తిన్నగా మన గోడలో గుచ్చినచో క్షణములో కాలిపోవును. యంత్రము లాగు శక్తికి మించిన సామర్థ్యముగల స్టెప్‌డౌను ట్రాన్స్‌ఫార్మరు గావలయును. వాల్వుయంత్రమును స్పీకరు తగిలింపక నడుపరాదు. లోపలి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చెడును. దాని మూత తెఱచుట అసలే కూడదు. తీగను గోడనుండి పెఱికిన తరువాతను లోపలి కెపాసిటర్లలో వందలకొలది వోల్టులు నిలిచియుండి ప్రాణము తీయగలవు. మూడుపిన్నుల ప్లగ్గులో భూమితీగను తప్పించుట సయితము అట్టి సాహసమే.

ఈ విచారమంతయు నొక కుటుంబమున నెట్లు పనికివచ్చెనో చెప్పెదను. నా మేనకోడలు హైదరాబాదులో ఉద్యోగము చేయుచు, ముగ్గురు స్నేహితురాండ్రతో గలిసి వారమున కొకనాడు అద్దెగదిలో మెటల్ సంగీతము వాయించును. మొదటి యేటి జీతములో మిగిల్చిన సొమ్ముతో నూఱువాట్ల ఆంప్లిఫయరును, నాలుగు స్పీకర్ల క్యాబినెట్టును కొనదలచెను. మా బావ మండిపడెను. “ఆడపిల్లకు ఈ గర్జన ఎందుకోయ్? ఆ డబ్బు బంగారంలో పెడితే రేపు పెండ్లికి పనికివచ్చును గదా! నలుగురు వింటే ఏమనుకొందురు?” అని నన్ను నిలదీసెను. ఆమె నాతో, “మామయ్యా, మా అభిమాన వాదకుడు వాడినది అదే. అది లేనిదే నన్ను ఎవరు వాదకురాలిగా లెక్కచేస్తారు?” అనెను.

నాకు ఇద్దఱి మాటలును ఒకటిగానే దోచెను. తండ్రి నలుగు రేమందురో యని వలదనుచున్నాడు. కుమార్తెయు నలుగు రేమందురో యనియే కావలె ననుచున్నది. నేను బావతో, “సొమ్ము ఆమె కష్టార్జితము. మగపిల్లవాడు మోటారుసైకిలు కొన్నప్పుడు నీవు పెండ్లి లెక్క చెప్పలేదు. గర్జించుట మగవాని సొత్తని ఏ శాస్త్రమును జెప్పలేదు” అంటిని. ఇది మన సంగీతము గాదని యతడు పలుకగా, వయొలీనును, మన పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ గారిని జ్ఞాపకము చేసితిని. 2014లో స్వర్గస్థులైన ఆ మహానుభావుడు విదేశపు మాండలినుకు జంటతీగలు తీసి అయిదు ఒంటితీగలు గట్టి, విద్యుత్తుతో నాదమును నిలిపి, దానిచే కర్ణాటక గమకములను బలికించెను. అతడును చేతినిబట్టియే యంత్రమును మలచుకొనెను.

మేనకోడలిని ఆమె గిటారుతో నొక యంగడికి గొనిపోయి ఒక పూటయంతయు వాయింపనిచ్చితిని. ఆమె చేయి తునుకలుగా మీటు చేయి యని అచట తేటపడెను. ఆమె అభిమానవాదకుని విశాలమైన యంత్రములో ఆమె వేగమంతయు మునిగిపోయెను. వేఱొకదానిలో ప్రతి తునుకయు విడివిడిగా వినబడెను. నేను నోరు తెఱవకముందే ఆమె నవ్వి, “ఇది నా మాట వింటోంది, మామయ్యా” అనెను. ఆ జాతిలోనే ఇరువదివాట్ల చిన్నదానిని, ఒంటిస్పీకరు పెట్టెను కొనెను. అనుకొన్న వ్యయములో సగమునకు పైగా మిగిలెను. దానిని బంగారములో పెట్టవలయునా, మఱి వేఱుగా వాడుకొనవలయునా యన్నది ఆమె యిష్టము. ఇంటిలో మొదటిసారి షడ్జపంచమములు మ్రోగినపుడు, ఎనుబదియేండ్లు దాటిన మా అమ్మ చెవియొగ్గి విని, “తంబురకు కోపం వచ్చినట్లుందిరా!” అనెను. మా బావయు నవ్వక తప్పలేదు. నేటికిని అతనికి ఆ సంగీతము రుచింపదు. రుచింపవలయునని మేమును గోరలేదు. ఆమె వాయించు గంటను మాత్రము ఇంటిలోనివారు గౌరవించుచున్నారు, ఆమెయు ఆ గంటను దాటదు.

కావున, చదువరులారా, మీ బిడ్డ యిట్టి యంత్రము నడిగినప్పుడు వలదని త్రోసివేయకుడు. అడిగినదే కొని యిచ్చుటయు వలదు. నీ చేయి దినదినము వాయించున దేమి? ఏ గదిలో, ఎవరి నడుమ వాయింతువు? నీ చేతిలోని లోపమును దాచు యంత్రము గావలయునా, చూపునది గావలయునా? ఈ మూడు ప్రశ్నలు వేసి, జవాబులు తామే వెదకికొననిండు. మూడవదానికి నిజమైన జవాబు చెప్పినవానికి ఏ యంగడివాడును దేనినైనను అంటగట్టజాలడు. గెయిను చిన్నదానిని పెద్దది చేయును, అంతియే. శ్రద్ధ యున్నచో శ్రద్ధను, అలసత యున్నచో అలసతను నలుగురకు వినిపించును. ముందు వినిపింపదగినదానిని చేతికి నేర్పుకొందముగాక.